తెక్లా మొక్కు, యోలంకా ఉపవాసం

తెక్లాకి కోపం వస్తే కోళ్ళు కూడా గుడ్లు పెట్టడం మానేస్తాయని మా పై వీధిలో అంటారు. శుద్ధ అబద్ధం. ఆవిడ కోళ్ళు ఏనాడూ గుడ్లు మానలేదు. మానే ధైర్యం వాటికెక్కడిది? ఆరు కోళ్ళూ పొద్దున్నే బుద్ధిగా పెట్టేసి, ఆ తర్వాతే పెరట్లోకి వచ్చి తలెత్తేవి. ఆ గుడ్లలో ఒక్కటి కూడా ఐదేళ్ళుగా ఆవిడ ఎవరికీ అమ్మలేదు. ఫాదర్ హ్రిహోర్ గారి భార్య (మా గుడి పద్ధతిలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు) కేకు కోసం అడిగినా, "మా పిల్లకి పోగా మిగిలితే చూద్దాంలెండి" అని గుమ్మంలోంచే పంపేసింది. మొహమాటం అనేది తెక్లా పుట్టుకలోనే లేదు.

ఆ పిల్ల ఆవిడ కూతురి కూతురు, యోలంకా. ఐదేళ్ళు నిండాయి గానీ ఎత్తుకుంటే రెండేళ్ళ పిల్ల బరువు. నడవదు. మాటలు రావు. "మ్మ్" అని సాగదీస్తే కావాలని, ముక్కుతో అంటే వద్దని. కాస్త ఎండ తగిలినా ముఖం కందిపోతుంది కాబట్టి వేసవిలో కిటికీలకి దుప్పట్లు కట్టేవారు. సరిగ్గా నిద్రపోదు, తన చెయ్యి తానే కొరుక్కుంటుంది. మింగడం చేతకాదు, అందుకని పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు, తిండంతా అందులోంచే. ఇన్ని ఉన్నా అమ్మమ్మ గొంతు వినబడితే చాలు, ఒళ్ళంతా నవ్వయిపోతుంది.

పుట్టినప్పుడు అందరూ ముందు చూసింది దాని పాదాలనే. రెండు కాళ్ళలోనూ బొటనవేలి పక్క వేలూ, ఆ పక్క వేలూ కలిసి అతుక్కుని ఉన్నాయి. పక్కింటి హాఫా, తెక్లాకి చిన్ననాటి నుంచీ స్నేహితురాలు, ఆ వేళ్ళు నిమిరి, "బాతు పాదాలే తెక్లా! ఈ పిల్ల నీళ్ళలో మునగదు పో!" అని నవ్వింది. తెక్లా నవ్వలేదు. అలాంటి వేళ్ళు ఆవిడ అంతకుముందు ఒకసారి చూసింది.

ముప్పై ఏళ్ళ కిందట, సహకార వ్యవసాయ క్షేత్రం ఆవుల కొట్టంలో పాలు పితికే రోజుల్లో, ఆవిడకి మొదటి కానుపు. మగపిల్లాడు, వాసిల్కో. రొమ్ము నోట పెడితే చీకలేకపోయేవాడు. నోట్లో పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. పందొమ్మిది రోజులు బతికాడు. డాక్టరు కాగితం మీద 'బలహీనత' అని రాసి చేతులు దులుపుకున్నాడు. అత్తగారు మాత్రం, "ఊళ్ళో ఆవులన్నిటికీ పాలు పితుకుతుంది, సొంత బిడ్డకి పట్టడం చేతకాలేదు" అంది. ఆ మాట తెక్లా గుండెలో అలాగే ఉండిపోయింది, అత్తగారి శవపేటిక మీద మట్టి వేసేటప్పుడు కూడా. రెండేళ్ళకి స్లావ్కా పుట్టింది, రాయిలా గట్టి పిల్ల. తర్వాత మొగుడు మిహాల్ అడవి పనిలో నరికిన చెట్టు తన మీద పడి చనిపోయాడు. కొట్టం మూతపడింది. దొరికిన పనల్లా చేసి కూతుర్ని ఒంటిచేత్తో పెంచింది.

యోలంకాకి మూడు నెలలప్పుడు పెద్దాసుపత్రి డాక్టరమ్మ తల్లినీ అమ్మమ్మనీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. కొలెస్ట్రాల్ అంటే అందరూ తిట్టేవాళ్ళే గానీ, కడుపులో బిడ్డకి మెదడు ఎదగాలన్నా వేళ్ళు విడివడాలన్నా అది ఉండాలట. ఈ పిల్ల ఒళ్ళు దాన్ని తయారుచేస్తూ చేస్తూ చివరి మెట్టు దగ్గర ఆగిపోతుందట. తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి ఒక లోపం కలిస్తేనే ఇలా పుడతారు, ఒక్కటే ఉంటే ఏమీ తెలియదు. మన కొండల్లో ఆ ఒక్కటి మోసేవాళ్ళు తక్కువేం లేరు.

"అంటే నాలోంచి వచ్చిందా?" అని అడిగింది తెక్లా.

"మీరు చెప్పిన పిల్లాడి సంగతి చూస్తే మీలోనూ ఉంది, మీ ఆయనలోనూ ఉంది. అలా మీ అమ్మాయికి వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా."

తప్పు లేదన్న మాట తెక్లా చెవికెక్కలేదు. మీలో ఉంది అన్న మాట మాత్రం దిగబడిపోయింది. పోయిన మెదడు తిరిగి రాదని, బయటి నుంచి ఆ కొవ్వు అందిస్తే ఒళ్ళు నిలబడుతుందని డాక్టరమ్మ చెప్పింది. పిల్ల పెరిగేకొద్దీ పెంచుతూ పెంచుతూ అది రోజుకి నాలుగు పచ్చసొనలకి వచ్చింది. బాగా ఉడికించి, మెత్తగా జల్లించి, పలచన చేసి గొట్టంలో పట్టాలి.

గుండెజబ్బు మనిషి హాఫా ఈ సంగతి విని బుగ్గలు నొక్కుకుంది. "నాకేమో డాక్టరు గుడ్డు వైపు చూడొద్దన్నాడు, దీనికేమో రోజుకి నాలుగా! దేవుడు మా ఇద్దర్నీ కలిపి చెరిసగం చేసుంటే ఎంత బాగుండేదే!"

ఆ రోజు నుంచి సొనలు తెక్లా పనయ్యాయి. స్లావ్కా పట్నంలో కార్ల సీట్లకి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీకి తెల్లారకముందే బస్సెక్కాలి. ఆమె మొగుడు మీరో ఎక్కడో దూరాన బ్ర్నో నగరంలో ఇళ్ళు కట్టే పనిలో ఉండి పండగలకి వస్తాడు. కాబట్టి పొద్దున రెండు సొనలూ మధ్యాహ్నం రెండు సొనలూ అమ్మమ్మ చేతి మీదే. సిరంజి ఖాళీ అయ్యాక, రుచి తెలియాలి కదా అని, గిన్నె అంచున మిగిలింది వేలితో తీసి పిల్ల పెదవికి రాసేది. యోలంకా "మ్మ్" అని సాగదీసేది. కూతురు ఎప్పుడూ వచ్చి పెట్టావా అని అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఇక ఉపవాసం సంగతి. ఇప్పుడు మా గుడిలో చాలామందికి ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసం అంటే మొదటి సోమవారం, చివరి శుక్రవారం, అంతే. తెక్లా పాత పద్ధతి మనిషి. నలభై రోజులూ మాంసం, పాలు, వెన్న, గుడ్డు ఇంట్లో పొయ్యెక్కవు. ముందు రోజే గిన్నెలన్నీ బూడిదతో తోమి మరిగే నీళ్ళలో వేసి జిడ్డు వదిలించేది. యోలంకా సొనలకి మాత్రం వేరే చిన్న గిన్నె. ఏడేళ్ళు నిండని పిల్ల, అందులో జబ్బు పిల్ల, దేవుడు దాన్నేమీ అడగడని ఫాదర్ హ్రిహోర్ మొదటి ఏడాదే తేల్చి చెప్పాడు. అలా నాలుగు ఉపవాసాలు ఏ గొడవా లేకుండా గడిచాయి.

ఐదో ఏడు జనవరిలో స్లావ్కాకి మళ్ళీ నెల తప్పింది. నలుగురిలో ఒకరికి ఇలా అవుతుందని ముందే తెలుసు. ఉపవాసం మొదలుకాకముందే ఆసుపత్రిలో సూదితో కడుపులోని మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. జవాబు రావడానికి వారాలు పడుతుందన్నారు. స్లావ్కా ఇంటికొచ్చి ఒకే మాట చెప్పింది: "అమ్మా, వచ్చేదాకా ఆ ఊసు ఇంట్లో ఎత్తొద్దు. ఎత్తావంటే నాకు పిచ్చెక్కిపోతుంది."

తెక్లా ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో ఆవిడ నోరు తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. పైకి అనలేనిదంతా లోపల తిరగడం మొదలుపెట్టింది. నాలోంచి వచ్చింది. వాసిల్కోని మింగింది, యోలంకాని ఇలా చేసింది, ఇప్పుడు మూడోవాడి మీద పడింది. రోజూ గుడికి వెళ్ళి మోకాళ్ళ మీద నిలబడి, నాకేం చేసినా చెయ్యి, ఆ కడుపులో దాన్ని వదిలెయ్యి అని అడిగేది.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం మధ్యాహ్నం హాఫా మైనమూ గుండుసూదులూ పట్టుకుని వచ్చింది, ఈస్టర్ గుడ్ల మీద చుక్కలూ గీతలూ వేయడానికి. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు.

"మా అమ్మ చెప్పేదే," అంది హాఫా సూది మైనంలో ముంచుతూ. "వాళ్ళ కాలంలో ఇంటికేదైనా పెద్ద ఆపద వస్తే, ఈస్టర్ ముందు ఈ పెద్ద వారంలో ఇల్లంతా కలిసి ఉపవాసం పట్టేవాళ్ళట. ఒక్కరు తిన్నా మొక్కు చెల్లదట. ఉయ్యాల్లో పిల్లకి కూడా పాలు ఆపేవాళ్ళట."

"ఉయ్యాల్లో పిల్లకా?"

"అవునే. పసివాళ్ళ ఉపవాసం దేవుడు తోసెయ్యలేడట. అయినా ఆ కాలం మనుషులు రాళ్ళు తిన్నా అరిగించుకునేవాళ్ళులే. ఆ ఎర్ర రంగు ఇటియ్యి."

హాఫా రంగు తీసుకుని వేరే కబుర్లలో పడింది. అన్న మాట అప్పుడే మర్చిపోయింది కూడా. తెక్లా చేతిలో గుడ్డు మాత్రం చాలాసేపు చుక్క లేకుండానే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నా మొక్కులెందుకు చెల్లలేదో ఇప్పుడు తెలిసింది అనుకుంది. నేను కడుపు మాడ్చుకుంటున్నాను, ఇంట్లో నా గిన్నె పక్కనే గుడ్డు ఉడుకుతోంది. ఐదు రోజులు. ఐదే రోజులు. శనివారం పొద్దున నుంచి రెట్టింపు పెడతాను.

ఫాదర్‌ని అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు కాబట్టే అడగలేదు. దాన్ని ఏమంటారో మీరే అనుకోండి, నాకు మాత్రం ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

సోమవారం పొద్దున చిన్న గిన్నెలో సొనలకి బదులు బంగాళాదుంపలు ఉడికించి, ఆ నీళ్ళలో చెంచాడు పొద్దుతిరుగుడు నూనె కలిపి సిరంజిలోకి తీసింది. సిరంజి అయిపోగానే యోలంకా అలవాటుగా నోరు తెరిచి పెదవి చాపింది. "ఐదు రోజులేనే బంగారూ, నీ తమ్ముడి కోసమే," అని తెక్లా దాని ముఖం మీద ముఖం పెట్టి ఏడ్చింది. పిల్ల ఆవిడ చెంప తడి చూసి నవ్వింది.

మంగళవారం అలాగే గడిచింది. బుధవారం పిల్ల చెయ్యి కొరుక్కోవడం మానేసింది. తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది. పుట్టి ఐదేళ్ళలో ఎన్నడూ లేదు. స్లావ్కా పనినుంచి వచ్చి, కళ్ళు పెద్దవి చేసి, "ఏం మంత్రం వేశావే అమ్మా? ఇంత నెమ్మదిగా పడుకుందేమిటి?" అంది. తెక్లా శిలువ గుర్తు వేసుకుంది. విన్నాడు, దేవుడు విన్నాడు అనుకుంది. పిల్లకి కదిలే ఓపిక కూడా లేకపోయిందన్న ఆలోచన, ఐదేళ్ళు ఆ ఒంటిని కడిగి తుడిచి పెంచిన మనిషికి, రాలేదు. గురువారం ఇంకా నెమ్మదిగా ఉంది. సామానుల గదిలో బుట్టనిండా గుడ్లు పోగుపడ్డాయి.

క్రీస్తుని శిలువ వేసిన పెద్ద శుక్రవారం గుడి గంటలు మోగవు, కొయ్య గిలకలు తిప్పుతారు. మూడింటికి గుడిలో క్రీస్తు దేహం బొమ్మ ఉన్న వస్త్రాన్ని పరిచి, అందరూ మోకాళ్ళ మీద దాని దగ్గరికి వెళ్ళి ముద్దుపెట్టుకుంటారు. తెక్లా యోలంకాని భుజాన వేసుకుని రాతి నేల మీద మోకాళ్ళతో నడిచింది. వెనకే వస్తున్న హాఫా ఉన్నట్టుండి ఆవిడ శాలువా అంచు పట్టుకుని లాగింది.

"తెక్లా, పిల్ల మెడ చూడవే! వేలాడిపోతోంది!"

తెక్లా పిల్లని ముందుకి తిప్పింది. ఒళ్ళు కాలిపోతోంది, కాళ్ళూ చేతులూ మంచు. పిలిస్తే కళ్ళు తెరవలేదు. స్లావ్కా బల్లల మధ్యనుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చి పిల్లని లాక్కుంది. అంబులెన్సు వచ్చేసరికి గుడి బయట వాన మొదలైంది.

శనివారం పొద్దున పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. యోలంకా అద్దం తలుపు వెనక సెలైన్ గొట్టాల మధ్య పడుకుని ఉంది. జ్వరం కొంచెం దిగింది గానీ ఇంకా కళ్ళు తెరవలేదు.

"రక్తంలో కొలెస్ట్రాల్ ఇంతగా ఎప్పుడూ పడిపోలేదు," అంది డాక్టరమ్మ. "రోజూ సొనలు వెళ్తున్నాయా?"

"నాలుగూ వెళ్తున్నాయి డాక్టర్," అంది స్లావ్కా. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మా అమ్మ పెడుతుంది. తన తిండి మర్చిపోతుంది గానీ అది మర్చిపోదు. నేను అడగను కూడా."

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "అయితే ఇచ్చింది పేగులు పీల్చుకోవడం లేదన్నమాట. మత్తు ఇచ్చి లోపల చూడాలి, ఇవాళే. ఈ స్థితిలో ఇలాంటి పిల్లలకి మత్తు ప్రమాదమే. మీ దగ్గర దాచను. కానీ కారణం తెలియకుండా ఊరుకుంటే ఇంకా ప్రమాదం. ఇక్కడ సంతకం పెట్టండి."

స్లావ్కా పెన్ను అందుకుంది.

తెక్లా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నోరు మూసుకుంటే పిల్ల బల్ల మీదే పోవచ్చు. నోరు తెరిస్తే, ఈ జన్మలో స్లావ్కా ఆ పిల్లని తన చేతిలో పెట్టదు. స్లావ్కా చెయ్యి కాగితం మీదికి వంగింది.

"పెట్టలేదు," అంది తెక్లా.

"ఏమిటమ్మా?" అంది డాక్టరమ్మ.

"సొనలు. సోమవారం నుంచీ ఒక్కటీ పెట్టలేదు. బంగాళాదుంప నీళ్ళు పట్టాను. పిల్ల చేత ఉపవాసం చేయించాను. పేగుల తప్పేం లేదు, తప్పంతా నాదే. దాన్ని కొయ్యకండి."

డాక్టరమ్మ స్లావ్కా చేతి కింద నుంచి కాగితం వెనక్కి తీసుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేదేమో. "జ్వరం దానంతటది వచ్చిందే," అంది. "కానీ జ్వరాన్ని తట్టుకోవడానికి మన ఒళ్ళు తయారుచేసుకునేవన్నీ ఆ కొవ్వులోంచే రావాలి. ఈ పిల్లకి బయటి నుంచి వచ్చేదే దిక్కు. అది మీరు ఆపేశారు. మందులు మారుస్తాను. మత్తు అక్కర్లేదు." ఆమె వెళ్ళిపోయింది.

స్లావ్కా తల్లి వైపు తిరిగింది. "ఎందుకు?"

"నీ కడుపులో దాని కోసం. ఇల్లంతా కలిసి ఉపవాసం ఉంటేనే మొక్కు చెల్లుతుందన్నారు. ఈ చీడ నాలోంచి వచ్చిందే తల్లీ. ఇదైనా బాగుండాలని..."

"బాగానే ఉన్నాడు," అంది స్లావ్కా.

తెక్లాకి అర్థం కాలేదు.

"మట్టల ఆదివారం ముందు గురువారమే ఫోన్ వచ్చింది. మగపిల్లాడు. ఏ జబ్బూ లేదు. నీకు చెబితే మధ్యాహ్నానికల్లా ఊరంతా చాటిస్తావని చెప్పలేదు. ఈస్టర్ పొద్దున గుడ్డు కోసి తలో ముక్కా పంచుకునేటప్పుడు, మీరో కూడా ఉంటాడు, అప్పుడు నీ చేతిలో ముక్క పెట్టి చెబుదామనుకున్నాను." ఆమె గొంతు పైకి లేచింది, వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. "నువ్వు మొక్కుకునే నాటికే వాడు బాగున్నాడమ్మా! పరీక్షకి తీసిన రోజే బాగున్నాడు! మరి నువ్వు దేనికోసం మాడ్చావు నా పిల్లని? దేనికోసం?"

మూడు నెలలు మోకాళ్ళు అరగదీసుకుని అడిగిన వార్త అది. వచ్చింది. తెక్లా చెయ్యి శిలువ గుర్తు వేసుకోవడానికి నుదుటిదాకా లేచి, అక్కడే ఆగిపోయి, కిందికి దిగింది. సంతోషం రాలేదు. పిల్లాడు బాగున్నాడని తెలిసి కూడా సంతోషం రాకపోవడం చూసి ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంటికెళ్ళు," అంది స్లావ్కా. "కోళ్ళకి మేత వెయ్యాలి కదా."

తెక్లా మధ్యాహ్నం బస్సులో ఇంటికి వచ్చింది. హాఫా గేటు దగ్గరే కాచుకుని ఉంది. "ఎలా ఉందే పిల్ల? నువ్వేమన్నా తిన్నావా?" అంటూ వెనకే వచ్చింది. తెక్లా జరిగింది చెప్పింది. హాఫా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నేనేదో మా అమ్మ కబురు చెప్పానే... నిన్ను చెయ్యమన్నానా తెక్లా?"

"లేదు. చేసింది నేనే," అంది తెక్లా. "నీ మీద పడేసి నేను తప్పించుకోలేను. నువ్వు ఇంటికి పో హాఫా."

ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ పాలల్లో డజను గుడ్లు కొట్టి, విరిగేదాకా తిప్పి, గుడ్డలో కట్టి వేలాడదీస్తారు, బుట్టలో పెట్టి దీవెనకి తీసుకెళ్ళడానికి. తెక్లా పాలు పొయ్యెక్కించలేదు. రొట్టె కాల్చలేదు. చీకటి పడకముందు, బ్ర్నో నుంచి నేరుగా ఆసుపత్రికి చేరిన మీరో ఫోన్ చేసి, పిల్ల కళ్ళు తెరిచిందని, రేపటి నుంచి సొనలు మొదలుపెట్టమన్నారని, పొద్దున బట్టల కోసం ఇంటికి వస్తానని చెప్పాడు. కోపంగా మాట్లాడలేదు. పొడిగా మాట్లాడాడు.

ఆదివారం తెల్లవారుతూనే తెక్లా బుట్టలోంచి ఆ పొద్దున పెట్టిన గుడ్లు నాలుగు ఏరి, చిన్న గిన్నెలో ఉడికించి, సొనలు తీసి రెండుసార్లు జల్లించింది. సీసాలో పోసి, ఊలు శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మీరో కారెక్కింది. గుడి ముందు జనం బుట్టలు కింద వరసగా పెట్టుకుని, క్రీస్తు లేచాడని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పుట్టి బుద్ధెరిగాక తెక్లా ఆ వరసలో లేకపోవడం అదే మొదటిసారి. ఎవరో చెయ్యి ఊపారు. ఆవిడ సీసా రెండు చేతులతో పట్టుకుని ఉండటం వల్ల తిరిగి ఊపలేదు.

ఆసుపత్రి వరండాలో స్లావ్కా ఎదురొచ్చింది. ముఖం పీక్కుపోయింది. తల్లి చాచిన సీసా వైపు చూసింది.

"ఇందులో ఎన్ని వేశావు?"

"నాలుగు."

"నిజంగా?"

"నాలుగు, స్లావ్కా."

స్లావ్కా సీసా అందుకుని మూత తీసింది. వాసన చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత అటుగా వెళ్తున్న నర్సుని ఆపి సీసా ఆమె చేతికిచ్చి, "ఒకసారి మీరూ చూడండి," అంది.